ఐటీ నోటీసు మెయిల్స్ గుంపులో కలిసిపోయిందా? ఫిల్టర్ ఇలా పెట్టుకోండి

ఆదాయపు పన్ను శాఖ నోటీసు పంపితే పోస్ట్‌మ్యాన్ తెచ్చిస్తాడని ఎదురుచూసే రోజులు పోయాయి. నోటీసును ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో మీ ఖాతాలో ఉంచి, మీరు నమోదు చేసుకున్న మెయిల్‌కు, మొబైల్‌కు సమాచారం పంపుతారు. రిటర్న్‌లో లోపం ఉందని 1961 నాటి చట్టం సెక్షన్ 139(9) కింద నోటీసు వస్తే సరిదిద్దుకోవడానికి ఉండే గడువు 15 రోజులే. మీ లెక్కను సవరించబోతున్నామని 143(1)(ఏ) కింద చెబితే జవాబుకు 30 రోజులు. లోపాన్ని సరిచేయకుండా వదిలేస్తే ఆ రిటర్న్ అసలు వేయనట్టే లెక్క కట్టే ప్రమాదం ఉంది.

మరి ఆ మెయిల్ మీ ఫోన్‌లో ఎక్కడుంది? బిర్యానీ ఆఫర్లు, పర్సనల్ లోన్ పిలుపులు, ఎప్పుడో రిజిస్టరైన జాబ్ సైట్ల మధ్య ఎక్కడో ఉంటుంది. జీమెయిల్‌లో ట్యాబులు ఆన్‌లో ఉంటే ఇలాంటివి చాలాసార్లు 'అప్‌డేట్స్'లోకి వెళ్తాయి. ఆ ట్యాబ్‌కు నోటిఫికేషన్ పెట్టుకోకపోతే ఫోన్ మోగదు. స్పామ్‌లో పడితే ఇంకా ఇబ్బంది. స్పామ్‌లో ఉన్న మెయిల్‌ను జీమెయిల్ 30 రోజుల తర్వాత దానంతటదే తీసేస్తుంది.

ఫిల్టర్ అంటే రెండు వేర్వేరు పనులు

ఈ మాట దగ్గరే చాలామంది తికమకపడతారు. ఒకటి, ఉన్న మెయిల్స్‌లోంచి కావాల్సినవి మాత్రమే కాసేపు చూపించేది. ఇది జల్లెడ లాంటిది. మెయిల్స్ ఎక్కడివక్కడే ఉంటాయి, మిగతావి కంటికి కనిపించవంతే. రెండోది, ఇకపై రాబోయే మెయిల్స్‌కు మీరు పెట్టే రూలు. ఫలానా చోటు నుంచి వస్తే ఫలానా లేబుల్ వేయి, స్టార్ పెట్టు అని ముందే చెప్పి ఉంచడం. పాత మెయిల్ వెతకడానికి మొదటిది, కొత్తది తప్పిపోకుండా ఉండటానికి రెండోది.

ఫోన్‌లో వెతకాలంటే

జీమెయిల్ యాప్‌లో పైన సెర్చ్ బాక్స్‌పై నొక్కి పంపినవారి పేరో, సబ్జెక్ట్‌లోని ఒక మాటో టైప్ చేయండి. కింద ఫ్రమ్, అటాచ్‌మెంట్, డేట్, అన్‌రెడ్ లాంటి బటన్లు వస్తాయి. వాటిని కలిపి కూడా వాడొచ్చు. ఐటీ శాఖ నుంచి వచ్చి, అటాచ్‌మెంట్ ఉండి, ఇంకా చదవనివి అని అడిగితే వందల మెయిల్స్ కాస్తా నాలుగైదుకు తగ్గుతాయి.

ఒక విషయం గమనించండి. మామూలు సెర్చ్ స్పామ్‌లో, ట్రాష్‌లో వెతకదు. అందుకే 'సెర్చ్ చేశాను, రాలేదు' అని ఒక నిర్ణయానికి వచ్చేయకండి. మెనూలో స్పామ్ ఫోల్డర్‌ను విడిగా తెరిచి చూడండి. కొన్నాళ్లపాటు వారానికోసారి చూసినా చాలు.

రూలు పెట్టాలంటే ఒక్కసారి కంప్యూటర్ కావాలి

జీమెయిల్ ఫోన్ యాప్‌లో ఫిల్టర్ రూలు తయారుచేసే ఏర్పాటు లేదు. ఎవరిదైనా ల్యాప్‌టాప్ అడిగి తీసుకున్నా ఐదు నిమిషాల పని. పని అయ్యాక లాగౌట్ మాత్రం చేయండి. రూలు గూగుల్ సర్వర్‌లోనే ఉండిపోతుంది కాబట్టి ఆ తర్వాత మీ ఫోన్‌లోనూ పనిచేస్తుంది.

సెర్చ్ బాక్స్ కుడిచివర ఉన్న గీతల గుర్తును నొక్కితే ఒక ఫారం తెరుచుకుంటుంది. ఫ్రమ్ దగ్గర, మీకు ఇదివరకు ఐటీ శాఖ నుంచి వచ్చిన అసలైన మెయిల్‌లోని పూర్తి అడ్రస్‌ను కాపీ చేసి పెట్టి, 'క్రియేట్ ఫిల్టర్' నొక్కండి. అక్కడ కనిపించే వాటిలో మీకు కావాల్సినవి 'స్టార్ ఇట్', 'అప్లై ద లేబుల్', 'కేటగరైజ్ యాజ్ ప్రైమరీ'. లేబుల్‌కు 'ట్యాక్స్' అనో 'ప్రభుత్వం' అనో పేరు పెట్టుకోండి. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే, యాప్ సెట్టింగ్స్‌లో మీ ఖాతా కింద 'మేనేజ్ లేబుల్స్'లోకి వెళ్లి ఆ లేబుల్‌కు విడిగా నోటిఫికేషన్ పెట్టుకోవచ్చు. అసలు ప్రయోజనం ఇదే. ఆఫర్లకు మోగని ఫోన్ నోటీసుకు మోగుతుంది.

'స్కిప్ ది ఇన్‌బాక్స్' జోలికి మాత్రం వెళ్లకండి. ఆ టిక్ పెడితే మెయిల్ ఇన్‌బాక్స్‌లో కనిపించకుండా నేరుగా ఆర్కైవ్‌లోకి పోతుంది. 'డిలీట్ ఇట్' గురించి చెప్పక్కర్లేదు. ఆఫర్ల మీద కోపంతో 'రీఫండ్' అనే మాట ఉన్న మెయిల్స్ అన్నీ డిలీట్ చేయమని రూలు పెట్టుకుంటే, పన్ను రీఫండ్ సమాచారం కూడా వాటితోపాటే పోతుంది. రూలు మార్చాలన్నా తీసేయాలన్నా సెట్టింగ్స్‌లో 'ఫిల్టర్స్ అండ్ బ్లాక్డ్ అడ్రసెస్' ఉంది.

థండర్‌బర్డ్ వాడేవారికి

ఆఫీసు కంప్యూటర్‌లో థండర్‌బర్డ్ వాడుతుంటే అందులోనూ ఈ రెండూ ఉన్నాయి. లిస్టు పైన వచ్చే 'క్విక్ ఫిల్టర్' జల్లెడ రకం. అన్‌రెడ్, స్టార్డ్, అటాచ్‌మెంట్ బటన్లు నొక్కుతూ లిస్టును తగ్గించుకోవచ్చు. మెయిల్స్ ఒక్కసారిగా మాయమయ్యాయని కంగారుపడే ముందు ఈ పట్టీ వైపు చూడండి. దానిలోని పిన్ నొక్కి ఉంటే, మీరు వేరే ఫోల్డర్‌కు మారినా ఫిల్టర్ వెంటే వస్తుంది. ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తుంది కానీ ఏదీ పోలేదు.

థండర్‌బర్డ్‌లో న్యూస్‌గ్రూపులు కూడా చదవొచ్చు. ఒక్కో గ్రూపులో వేలకొద్దీ సందేశాలు వచ్చిపడే రోజుల నుంచీ ఈ జల్లెడ అవసరం ఉంది. అక్కర్లేని చర్చ మొత్తాన్ని 'ఇగ్నోర్ థ్రెడ్' అని పక్కన పెట్టే వీలు ఇప్పటికీ ఉంది.

'మెసేజ్ ఫిల్టర్స్' రూలు రకం. అయితే ఇవి నడిచేది మీ కంప్యూటర్‌లోనే. అది ఆఫ్‌లో ఉన్నంతసేపూ రూలు పనిచేయదు, ఫోన్‌లో మెయిల్స్ కలగాపులగంగానే కనిపిస్తాయి. ఫోన్ మీదే ఆధారపడేవారు రూలును జీమెయిల్‌లోనే పెట్టుకోవడం మేలు.

స్టార్ పడితే అసలైనదేనా?

కాదు. ఫిల్టర్ చూసేది పంపినవారి అడ్రస్‌ను మాత్రమే. మెయిల్ అసలుదా నకిలీదా అని తేల్చదు. అడ్రస్‌ను అచ్చం ప్రభుత్వానిదిలా కనిపించేలా చేసి పంపే మోసగాళ్లున్నారు. అందుకే చివర 'గవ్ డాట్ ఇన్' ఉన్న ప్రతిదానికీ 'నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్' టిక్ పెట్టమని కొందరిచ్చే సలహా మంచిది కాదు. నకిలీని ఆపే తలుపును మీరే తీసిపెట్టినట్టవుతుంది.

లేబుల్ చూసి మెయిల్ వచ్చిందని తెలుసుకోండి, అందులోని లింక్ మాత్రం నొక్కకండి. ఈ-ఫైలింగ్ పోర్టల్‌ను మీరే తెరిచి, లాగిన్ అయి, 'పెండింగ్ యాక్షన్స్'లో 'ఈ-ప్రొసీడింగ్స్' చూడండి. నోటీసు నిజమైతే అక్కడ ఉంటుంది. శాఖ పంపే నోటీసులపై 2019 అక్టోబర్ 1 నుంచి డాక్యుమెంట్ గుర్తింపు సంఖ్య, అంటే డిన్, ఉండాలన్న నిబంధన ఉంది. పోర్టల్ హోమ్‌పేజీలోనే, లాగిన్ కాకుండానే, ఆ నంబర్ కొట్టి నోటీసు శాఖ ఇచ్చిందో కాదో సరిచూసుకోవచ్చు.