ఆకాశవర్ణములు - పిల్లల ప్రశ్న

ఆకాశము నీలముగా నేల యున్నది? ఈ ప్రశ్న నడుగని పిల్లలు లేరు. తడుముకొనక బదులు చెప్పగల పెద్దలు అరుదు. హిందీలో లేత నీలమునకు 'ఆస్మానీ' అనియే పేరు. ఆకాశము పేరు రంగునకు పెట్టినంతమాత్రమున ఆ రంగు రహస్యము తెలిసినట్లు కాదు గదా! సముద్రపు నీలిమయే మింట ప్రతిఫలించుచున్నదని కొందరందురు. సముద్రమునకు నూరామడల దూరమున నున్న ఊళ్లలోను ఆకాశము నీలముగనే యుండునన్న సంగతి వారికి స్ఫురింపదు. నోరు మూయించుటకు చెప్పిన బదులు పిల్లల జిజ్ఞాసను గూడ మూసివేయును. మన దేశమున ఇట్టి ప్రశ్నలకు తగిన గౌరవము నిచ్చిన పెద్దలలో ఇద్దరిని ఇచట స్మరింతము.

మొదటివారు రవీంద్రనాథ ఠాకూరు. బాల్యమున తండ్రి దేవేంద్రనాథునితో డల్హౌసీ కొండలలో నున్నప్పుడు, సాయంసమయములందు తండ్రి నక్షత్రములను జూపి వాని విశేషములను చెప్పుచుండెను. ఆ రుచి రవీంద్రుని విడువలేదు. 1937లో, 76 ఏండ్ల వయస్సున, ఆయన బెంగాలీలో 'విశ్వపరిచయ్' అను గ్రంథమును వెలువరించి భౌతికశాస్త్రజ్ఞుడు సత్యేంద్రనాథ బోసునకు అంకితమిచ్చెను. పరమాణువుతో మొదలై భూలోకముతో ముగియు గ్రంథమది. శాస్త్రము మాతృభాషలో అందవలెనన్న సంకల్పముతోనే ప్రయాగలోని విజ్ఞాన పరిషత్తు 1915లో 'విజ్ఞాన్' అను హిందీ పత్రికను ప్రారంభించియుండెను.

రెండవవారు చంద్రశేఖర వేంకటరామన్. 1888లో తిరుచిరాపల్లిలో జన్మించిన ఈయన బాల్యము విశాఖపట్టణమున సముద్రపు సమీపమున గడచెను. తండ్రి అచటి కళాశాలలో అధ్యాపకుడు. ఆకాశపు నీలిమకు కారణమును ఇంగ్లండునందు రేలీ ప్రభువు 1871లో గణితమూలముగా వివరించి, 1899లో ధూళితో పనిలేదనియు గాలి అణువులే చాలుననియు చూపెను. అయితే సముద్రపు నీలిమ మాత్రము ఆకాశపు ప్రతిబింబమేనని ఆయన తలచెను. 1921లో ఓడపై స్వదేశమునకు మరలుచు, మధ్యధరా సముద్రమును జూచిన రామన్ ఆ మాటను శంకించెను. నికోల్ పట్టకముతో ప్రతిబింబకాంతిని తొలగించి చూడగా నీలిమ తగ్గలేదు, మరింత నిండుగా కనబడెను. నీటి అణువులును కాంతిని చెదరగొట్టునని ఆయన నిరూపించెను. నీరు ఎరుపును పీల్చుకొనుటయు ఆ రంగునకు ముఖ్యకారణమని నేడెరుగుదుము. ఆ శంకయే 1928లో రామన్ ఫలితమునకును, 1930లో నోబెల్ బహుమతికిని దారితీసెను.

1968 డిసెంబరు 22న, అహమ్మదాబాదులో విక్రం సారాభాయి సంకల్పించిన విజ్ఞానకేంద్రమునకు శంకుస్థాపన జరిగిన సందర్భమున, 80 ఏండ్ల రామన్ ఈ ప్రశ్ననే ప్రసంగవిషయముగా గైకొనెను. పుస్తకములోని బదులును అప్పగించుట ఆయన పద్ధతి కాదు. కనులు తెరచి చూచి, తమ్ము తామే ప్రశ్నించుకొనుడని ఆయన బోధ. నిండు వెన్నెలలో ఆకాశమేల నీలముగా తోచదని ఆయన ప్రశ్న. వెన్నెలయు గాలిలో అట్లే చెదరును. కాని ఆ కొలది వెలుగులో మన కన్ను రంగును పోల్చుకొనజాలదు.

పిల్లలకు చెప్పదగిన సమాధానము కష్టమైనది కాదు. తెల్లగా తోచు సూర్యకాంతిలో అన్ని వర్ణములు గలవు. గాలి అణువులు పొట్టి తరంగములను ఎక్కువగా చెదరగొట్టును. ఎరుపుకంటె నీలము దాదాపు 6 రెట్లు చెదరును. ఊదారంగు ఇంకను ఎక్కువ చెదరినను, సూర్యకాంతిలో దాని పాలు తక్కువ, మన కంటికి అది ఆనుటయు తక్కువ. సంధ్యవేళ కిరణములు గాలిలో చాల దూరము నడచి రావలెను. నీలము దారిలోనే చెదరిపోగా ఎరుపు మిగిలి మనలను చేరును.

దీనిని ఇంటనే చూపవచ్చును. గాజుగ్లాసెడు నీటిలో కొన్ని పాలచుక్కలు కలిపి, చీకటిగదిలో టార్చిలైటు వెలుగును దానిగుండ పంపినచో, ప్రక్కనుండి లేత నీలమును, ఎదుటినుండి ఎరుపుడాలును కనబడును. మహనీయుని మాటనైనను కంటితో పరీక్షించినందుననే రామన్ కొత్త సత్యమును గాంచెను. పిల్లవాడు మన మాటను నమ్మక, ఇంకొక చుక్క పాలు వేసి చూచెదననినచో, ఆ చుక్కను సంతోషముతో ఈయవలసినది మనమే.