బుల్లెట్టు బండి – ఇంటి వాకిట ఓవర్‌హాలు చరిత్ర

మీటరులో అంకెలు ఒకసారి 99,999 దాటి మళ్ళీ సున్నా నుంచి మొదలైన బుల్లెట్టు బండ్లు మన పేటల్లో ఇంకా కనబడుతూనే వున్నాయి. తండ్రి నడిపిన బండిని కొడుకు నడపటం, ఆ తరువాత మనవడు దాన్ని తుడిచి పెట్టుకోవటం మనం చూస్తున్నదే. ఇంగ్లండులో పుట్టి, అక్కడ ఏనాడో ఆగిపోయిన ఈ యంత్రం మన దేశంలో ఇంతకాలం ఎట్లా బతికింది? ఫ్యాక్టరీ వారి గొప్పతనం కొంత వున్నది, కాదనము. కాని ఇండ్ల వాకిళ్ళలోనూ, చెట్ల కింది షెడ్లలోనూ దాన్ని విప్పి, కడిగి, మళ్ళీ బిగించిన చేతుల చరిత్ర కూడా ఒకటి వున్నది. కుటుంబాలు చదువుకునే సావనీరులో అది చెప్పుకోదగిన సంగతేనని తలచి మేము కొంత వ్రాస్తున్నాము.

రాయల్ ఎన్‌ఫీల్డ్ వారి మొదటి మోటారు సైకిలు 1901లో వచ్చింది. బుల్లెట్ అనే పేరు 1930ల మొదట్లో పెట్టారు. మనకు తెలిసిన 350 బుల్లెట్టు మూలరూపం మాత్రం 1940ల చివర తయారైంది. మన ప్రభుత్వం 1950లలో సైన్యానికీ, పోలీసులకూ ఈ బండిని ఎంచుకుని 800 బండ్లకు ఆర్డరు ఇచ్చింది. 1955లో మద్రాస్ మోటార్స్ వారు, ఇంగ్లండు కంపెనీ వారు కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. మొదట్లో పెట్టెల్లో వచ్చిన సామానును మద్రాసులో బిగించేవారు. 1962 నాటికి అన్ని భాగాలూ ఇక్కడే తయారవసాగాయి. అక్కడ ఇంగ్లండులోనేమో రెడ్డిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతపడింది, 1970తో బండ్ల తయారీయే నిలిచిపోయింది. 1977లో మద్రాసు బుల్లెట్టునే ఇంగ్లండుకు ఎగుమతి చేయటం మొదలుపెట్టారు. పుట్టింటివారు మరచిన ఆడపడుచు తానే బయలుదేరి వెళ్ళినట్లయింది!

ఈ బండి ఇంజను కొలత దశాబ్దాల తరబడి మారలేదు. బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90, మొత్తం 346 సి.సి. మారకపోవటం వెనుకబాటుతనమని ఎగతాళి చేసినవారున్నారు. రిపేరు చేసుకునేవానికి మాత్రం అదే వరమైంది. పాతబండికి కావలసిన భాగం కొత్తబండి సామానులోనే చాలావరకు దొరికేది. పైగా ఆనాటి పరిస్థితి చూడండి. పర్మిట్ల కాలం. స్కూటరు బుక్ చేసుకుంటే ఏండ్ల తరబడి ఎదురు చూడాలి. చేతిలో డబ్బున్నవానికే బండి దొరకనప్పుడు, వున్న బండిని పారవేసే ప్రశ్నే లేదు. కావున అరిగితే బోరు చేయించటం, విరిగితే వెల్డింగు పెట్టించటం ఇంటి అలవాటుగా మారింది. సామాను కోసం సికింద్రాబాదు రాణిగంజికీ, హైదరాబాదు పుత్లీబౌలికీ, విజయవాడ ఆటోనగరుకూ మనవాళ్ళు తిరగని దారి లేదు.

పని నేర్పింది ఎవరంటే ఉస్తాదులు. కుర్రవాడు షెడ్డులో చేరిన మొదటి రోజుల్లో నట్లు కడగటం, పానాలు అందించటమే వాని పని. అంకె చూడకుండా చేతితో తడిమి సరైన పానా తీయగలిగిన తరువాతనే ఇంజను మీద చేయి వేయనిచ్చేవారు. జీతం స్వల్పం, తిట్లు ధారాళం. అయినా చదువు ఆగిపోయిన పిల్లలకు అదే పాఠశాల. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదికలో కూడా ముస్లిం కార్మికులు ఎక్కువగా వున్న పనుల్లో మోటారు వాహనాల రిపేరు ఒకటిగా కనబడుతుంది. మన ఇండ్లలో పానాల పెట్టె లేని వీధి అరుదని మేము అంటే అతిశయోక్తి కాదు.

ఇక పని సంగతి. అరిగిన బుల్లెట్టు తన రోగం తానే చెబుతుంది. సైలెన్సరులో నీలిపొగ వస్తే నూనె మండుతున్నదన్న మాట, రింగులో, వాల్వు గైడులో అరిగినట్లు. చల్లగా వున్నప్పుడు టకటకమని, వేడెక్కాక తగ్గితే అది పిస్టను బోరులో ఆడుతున్న శబ్దం. లోపలినుంచి బరువుగా, గుండెలో కొట్టినట్లు దబదబ వస్తే మాత్రం కనెక్టింగ్ రాడ్డు కింది బుష్షును అనుమానించాలి. ఆ శబ్దం విని కూడా బండి నడిపేవాడు ఇంజను మీద దయ లేనివాడు.

విప్పటానికి కావలసిన సామాను కొంచెమే. పానాలు, స్క్రూడ్రైవరు, ఫీలరు గేజి, కిరసనాయిలు, పాత గుడ్డలు, ఇంట్లో పనికిరాని సత్తు పళ్ళాలు. (పనికివచ్చే పళ్ళాలు తీసుకుని చివాట్లు తిన్నవారు మన సభ్యుల్లోనే వున్నారట!) ముందు పెట్రోలు ట్యాంకు దించి దూరంగా పెట్టాలి. పొయ్యి దగ్గర ఈ పని పనికిరాదు. ఆనాడు చాలామంది సామానును, చేతులను కూడా పెట్రోలుతోనే కడిగేవారు. ఆ పెట్రోలులో సీసం వుండేది, దేశమంతటా సీసం లేని పెట్రోలు 2000 సంవత్సరంలో గాని రాలేదు. కిరసనాయిలు వాడిన ఉస్తాదులే తెలివైనవారు.

హెడ్డు నట్లను ఒకేసారి విప్పరాదు. ఎదురెదురుగా కొద్దికొద్దిగా వదులు చేయాలి, లేకపోతే హెడ్డు వంకరపోతుంది. బారెలు పైకి లేపగానే కింద ఇంజను నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కాలి. పిస్టను పిన్ను క్లిప్పు చిటుక్కున ఎగిరి లోపల పడితే మొత్తం ఇంజను విప్పక తప్పదు. పిన్ను బిగుసుకుంటే సుత్తితో బాదటం మూర్ఖత్వం. వేడినీళ్ళలో ముంచిన గుడ్డ పిస్టనుకు చుడితే అల్యూమినియం వ్యాకోచించి పిన్ను దానంతట అదే జారి వస్తుంది. ఈ ఉపాయాన్ని ఉస్తాదులు చేసి చూపించి నేర్పారు. ఆ తరువాత కనెక్టింగ్ రాడ్డును చేతితో పట్టుకుని పైకీ కిందికీ లాగి చూడాలి. పక్కలకు కొంచెం కదిలితే పరవాలేదు. పైకీ కిందికీ ఆట తగిలితే లేతు షాపుకు పోవలసిందే, అది ఇంటి పని కాదు.

బారెలు కూడా లేతుకే వెళుతుంది. పాత బుల్లెట్టు బారెలు పోత ఇనుముది. కాబట్టి అరిగినప్పుడల్లా కొంచెం వెడల్పు చేసి లావు పిస్టను వేయవచ్చు. ఇరవై థౌ, నలభై థౌ అని మేస్త్రీలు చెప్పే లెక్క అదే. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. అన్ని సైజులూ అయిపోతే స్లీవు దించి మళ్ళీ మొదటి సైజుకు రావచ్చు. బండి ఆయుర్దాయమంతా ఇందులోనే వున్నది. కొత్త రింగును వట్టి బోరులో పెట్టి చివరల మధ్య సందు కొలవాలి. బోరు అంగుళానికి 4 థౌ చొప్పున, బుల్లెట్టుకు సుమారు 11 థౌ. సందు లేకుండా బిగిస్తే వేడికి రింగు పెరిగి బోరును గీరుతుంది.

వాల్వులు ఇంట్లోనే నూరుకోవచ్చు. పేస్టు పూసి, అటూ ఇటూ తిప్పుతూ, నడుమ నడుమ ఎత్తి పెట్టాలి. సీటు చుట్టూ బూడిదరంగు గీత తెగకుండా వచ్చేదాకా ఓపిక పట్టాలి. తరువాత హెడ్డు తిరగేసి కిరసనాయిలు పోస్తే చుక్క కారకూడదు. సెలవురోజుల్లో పిల్లలకు అప్పగించిన పని ఇది. విసుగు పుట్టేదే, కాని చేతికి నిదానం వచ్చింది దీనితోనే.

బిగించాక టాపెట్ల సంగతి. ఇంజను చల్లగా వున్నప్పుడు పుష్ రాడ్డు వేళ్ళతో సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం కదలరాదు. దీనికి గేజి కూడా అక్కరలేదు. కాంటాక్టు పాయింట్ల సందు 15 థౌ. స్టార్టు కాగానే నూనె మూత తీసి, తిరిగి వచ్చే నూనె లోపల పడుతున్నదా అని చూడాలి. ఈ ఇంజను నూనె మీదే బతుకుతుంది, నూనె తిరగకపోతే చేసిన పనంతా నిమిషాల్లో బూడిద. మొదటి 500 కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి నూనె మార్చాలి.

1984, 1985లలో జపాను కంపెనీల పొత్తుతో చిన్న బండ్లు వచ్చాయి. తక్కువ పెట్రోలు తాగేవి, కిక్కు కొట్టగానే పలికేవి. జనం అటు మొగ్గారు, అది న్యాయమే. ఎన్‌ఫీల్డ్ ఇండియా 1994లో ఐషర్ వారి చేతికి వెళ్ళింది. 2010 ప్రాంతంలో పాత పోత ఇనుము ఇంజను పోయి, గేరుబాక్సు కలిసిన కొత్త ఇంజను వచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి బి.ఎస్.6 నిబంధన అమలై బుల్లెట్టుకు కార్బరేటరు బదులు పెట్రోలు ఇంజెక్షను అమరింది. గాలికి అది మంచిదే. కాని ఇప్పుడు బండి రోగం శబ్దంతో పాటు స్కానరుకు కూడా చెబుతుంది. స్కానరు లేని షెడ్డుకు పని తగ్గుతున్నది. మన పేటల ఉస్తాదులకు ఇది తిండి ప్రశ్న. వారి దగ్గర చేరే కుర్రవాళ్ళు ఐ.టి.ఐ.లో టూ వీలరు మెకానిక్ కోర్సు కూడా చదివితే రెండు విద్యలూ చేతికి వస్తాయి. పెద్దలు దీన్ని గురించి ఆలోచించవలసి వున్నది.

ఉస్తాదుల విద్య చాలామట్టుకు వారితోనే పోతున్నది. కాని యంత్రం మీద కొంత గుర్తు మిగులుతుంది. పాత బుల్లెట్టు కొనదలచినవారు వీలైతే హెడ్డు తీయించి పిస్టను తలను గుడ్డతో తుడిచి చూడండి. మసి కింద 20 అనో, 40 అనో అంకె కొట్టి వుంటుంది. ఆ బండిని ఎన్నిసార్లు విప్పారో, ఇంకా ఎన్నిసార్లు విప్పవచ్చునో దానిని బట్టి లెక్క కట్టవచ్చు.