మన పెరటి జాతికోడి



రాజులకును రాజ్యములకును చరిత్ర యుండునుగాని, పెంటదిబ్బను గెలుకు పక్షికి చరిత్ర యేమి యని కొందఱు నవ్వుకొనవచ్చును. పెదవేగిలో వేంగిరాజుల నగరు మట్టిదిబ్బలై పోయినది. తెల్లవాఱుజామున కూయు పుంజు మాత్రము ఏలూరి పేటలలోను, తాడేపల్లిగూడెము చుట్టుప్రక్కల పల్లెలలోను, కొల్లేటి లంకలలోను నేటికిని కూయుచునే యున్నది. రాజశాసనముల యండ లేకయే, ఇల్లాండ్ర చేతిమీదుగా ఇన్ని తరములు నడచివచ్చిన దానిని చరిత్రకు తగనిదని నేను తలపను.

ఈ పక్షులలో మనదని చెప్పుకొనదగిన జాతి యొకటి కలదు. దానిని మనవారు జాతికోడి యందురు. పశువైద్యుల పుస్తకములలో అసీలు అను పేరు కానవచ్చును. ఈ పేరు అరబ్బీ భాషనుండి వచ్చినది. మనము నిత్యము పలుకు 'అసలు' అను మాటకును దీనికిని మూల మొక్కటియే. కర్నాలులోని జాతీయ పశుజన్యు సంపద సంస్థ గుర్తించిన కోళ్ళ జాతులలో ఇది యొకటి. ఆంధ్రదేశము, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ దీని నెలవులు. పొడవైన మెడ, నిటారైన నిలుకడ, తలకు అంటుకొనియుండు చిన్న జుట్టు, బలమైన కాళ్ళు, ఒంటికి అదిమిపెట్టినట్లుండు గట్టి యీకలు దీని లక్షణములు. పుంజు మూడు నాలుగు కిలోలు, పెట్ట రెండు మూడు కిలోలు తూగును.

లోకము దీనిని పందెపుకోడిగా మాత్రమే యెఱుగును. ఇది మిక్కిలి సాధువైన పెరటికోడి యను సంగతి మఱుగుపడిపోయినది. ఆ మఱుపాటు వలన జాతికే హాని కలుగుచున్నదని నా తలంపు. దానిని చరిత్ర మూలమున నిరూపించుటకే ఈ ప్రసంగము.

మొదట కోడి పుట్టుక. డార్విను పండితుడు 1868లో ప్రకటించిన గ్రంథమున, పెంపుడు కోళ్ళన్నిటికి ఎఱ్ఱ అడవికోడియే మూలమని నిర్ణయించెను. 2008లో శాస్త్రజ్ఞులు జన్యువులను శోధించి, కాళ్ళకును చర్మమునకును గల పసుపువన్నె మాత్రము దక్షిణ భారతపు బూడిదవన్నె అడవికోడినుండి సంక్రమించినదని చూపిరి. ఈ రెండు అడవికోళ్ళ నివాసములకు గోదావరీ ప్రాంతమే ఇంచుమించుగా ఎల్ల యని పక్షిశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఉత్తరమున ఎఱ్ఱది, దక్షిణమున బూడిదవన్నెది. 2022లో ప్రకటితమైన మఱియొక పరిశోధనమున, థాయిలాండులోని బాన్ నాన్ వాట్ అనుచోట దొరికిన యెముకలు పెంపుడుకోళ్ళ యెముకలలో మిక్కిలి పురాతనమైనవనియు, అవి క్రీస్తుపూర్వము 1650-1250 సంవత్సరముల నాటివనియు తేలినది. వరి, చిఱుధాన్యములు పండించు చోటికి గింజలకై అడవికోడి దిగివచ్చి క్రమముగా మనుష్యునకు మాలిమి యైనదని ఆ పండితుల యూహ. కావున కోడిని కత్తి మచ్చిక చేయలేదు. గింజ మచ్చిక చేసినది. ఈ మాటను పెద్దలు జ్ఞాపకముంచుకొనవలెనని నా ప్రార్థన.

మన ప్రాచీనులు ఈ పక్షిని శ్రద్ధగా చూచిరి. అమరసింహుడు దీనికి నాలుగు పేరులు చెప్పినాడు. కుక్కుట మనునది దాని కూతనుబట్టి వచ్చినది; తామ్రచూడ మనునది రాగివన్నె జుట్టునుబట్టి వచ్చినది; చరణాయుధ మనగా కాళ్ళే ఆయుధముగా గలది; కృకవాకు వనగా గొంతుతో పలుకునది. వ్యాకరణము చదువుకొన్నవారికి మఱియొక ముచ్చట తెలియును. హ్రస్వ దీర్ఘ ప్లుతములను బోధించుటకు పాణిని ఉకారమును గైకొనుటకు కోడికూతయే కారణమని గురువులు చెప్పుదురు. ఏకమాత్ర, ద్విమాత్ర, త్రిమాత్రలు మూడును ఆ కూతలో వరుసగా వినవచ్చును. మనువు ద్విజులకు ఊరకోడిని అభక్ష్యమనెను. పతంజలి దానినే యుదాహరణముగా గొని, ఊరకోడి కూడదన్నచో అడవికోడి తగునని తెలియుచున్నదిగదా యని శబ్దార్థమును విచారించినాడు. మా యింట కోడిని వండుట లేదు. అయినను శాస్త్రము తినుటను వారించినదిగాని, తెలిసికొనుటను వారింపలేదు.

ఇక పందెముల మాట. ప్రాణములేని వస్తువులతో ఆడునది ద్యూతమనియు, ప్రాణులతో ఆడించునది సమాహ్వయమనియు మనువు విభజించి, రెండింటిని రాజు అణచవలెనని విధించినాడు. అణచవలెనని వ్రాయుటనుబట్టియే ఆనాడును అది విరివిగా నుండెనని గ్రహింపవచ్చును. దండి దశకుమారచరిత్రలో ప్రమతి కథయందు వర్తకుల వీథిలో నారికేళజాతి పుంజునకును బలాకాజాతి పుంజునకును జరిగిన పోరు కలదు. తెలుగున క్రీడాభిరామము ఓరుగల్లు నగరపు కోడిపందెమును వర్ణించినది. పలనాటి కథలో బ్రహ్మనాయుని కోడికిని నాగమ్మ కోడికిని జరిగిన పందెమువలన ఒక కుటుంబమువారు అడవులపాలైరి. తుదకు కారెమపూడిలో రక్తము పాఱినది. ఈ వేడుక యెచటికి దారితీయునో చెప్పుటకు ఇంతకంటె తెలుగువారికి వేఱు నిదర్శనము వలదు.

పందెగాండ్రు కూర్చుకొన్న విద్య సామాన్యమైనది కాదని యొప్పుకొనవలెను. ఎఱుపు డేగ, నలుపు కాకి, తెలుపు సేతువ, పసుపుటీకలది నెమలి, మూడువన్నెలు కలసినది కౌజు. మైల, పూల, పింగళ మొదలగునవి మఱికొన్ని. ఏ వన్నెకు ఏ దినము జయమో చెప్పు కుక్కుటశాస్త్రమును సంక్రాంతినాట భీమవరము మొదలు కొల్లేటి యొడ్డువఱకు నేటికిని చూచువారున్నారు. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము, 1974 నాటి ఆంధ్రప్రదేశ జూద నిషేధ చట్టము ఉన్నవి. 2016 డిసెంబరులో ఉన్నత న్యాయస్థానము పందెములను ఆపవలసినదని ఉత్తరువు చేసినది. అయినను పండుగనాడు బరులు వెలయుచునే యున్నవి.

అయితే ఈ కోడి స్వభావ మెట్టిది? పుంజు పుంజును చూచి సహింపదు, ఇది నిజము. మనుష్యునియెడ మాత్రము దానికంటె సాధువైన కోడి అరుదు. చంక నెత్తుకొన్న నూరకుండును; చేతిలోని గింజను తినును; పసిపిల్లలు దువ్వినను పొడువదు. దీనికి కారణము సులభముగా తెలియును. తరతరములుగా దీనిని చేతితో పట్టి, నిమిరి, కడిగి, మేపిరి. పట్టినవాని చేతిని పొడుచు పుంజును విత్తనమునకు నిలుపలేదు. ఇట్లు కోపము పక్షిమీదికిని శాంతము మనుష్యునిమీదికిని తిరిగినది.

పెట్ట గుణము ఇంకను మేలు. ఏటికి ముప్పది మొదలు అరువది గ్రుడ్లవఱకే పెట్టును. కాని పొదుగుటలో దానికి సాటిలేదు. ఇరువదియొక దినములు గంప విడువదు. పిల్లలను రెక్కలక్రింద దాచి గద్దకును ముంగిసకును ఎదురుతిరుగును. ఉఱుములకు గ్రుడ్లు మురుగునని గంపలో ఇనుపముక్కయు బొగ్గును ఉంచుట మన యిల్లాండ్ర వాడుక. నమ్మకమెట్లున్నను పెట్టమీది మమకారము అందు తెలియును. పెంపుడుబాతులు చక్కగా పొదుగవు. అందుచేత కొల్లేటి ప్రాంతము వంటి నీటిపట్టులలో బాతుగ్రుడ్లను కోడిపెట్టక్రింద పెట్టుట కలదు. వానికి ఇరువదియెనిమిది దినములు పట్టును. ఆ యేడుదినముల హెచ్చును కూడ పెట్ట ఓర్చుకొనును. పిల్లలు నీట దిగి యీదుచుండగా గట్టుమీద అటునిటు పరుగెత్తి పిలుచుచుండును. పరుల బిడ్డలను తనవని పెంచు తల్లి యిది.

వంతునకు పెట్టనిచ్చు ఆచారము కూడ చెప్పదగినది. కలిగిన యామె పెట్టను లేని యామె కిచ్చును; పిల్లలు పెరిగిన పిమ్మట ఇద్దఱును పంచుకొందురు. గోదావరి మన్యపు గిరిజనులలో దీనిని వాటా యందురు. పత్రము లేదు, వడ్డీ లేదు. ఒంటరి స్త్రీకి ఉప్పునకు, మందునకు, పిల్లవాని పలకకు అవసరమైన డబ్బు ఈ పెట్టనుండి వచ్చుచుండెను. తాను లేనిదే తెల్లవాఱదనుకొన్న ముసలమ్మ కోడి కుంపటి కథను మనము నవ్వుచు చెప్పుకొందుము. ఆ కోడి లేనియెడల ఆమె సంసారము తెల్లవాఱకుండెడి మాట మాత్రము నిజమే.

మన జాతికోడి దేశాంతరములకును పోయినది. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులోని కార్న్‌వాల్ సీమలో అసీలును అచ్చటి కోళ్ళతో కలిపి 'ఇండియన్ గేమ్' అను జాతిని కల్పించిరి. అదియే పిమ్మట కార్నిష్ అనబడినది. 1948లో అమెరికాలో 'రేపటి కోడి' యను పోటీ జరుగగా, కార్నిష్ నెత్తురు గల కోడియే గెలుపొందినది. నేటి బ్రాయిలరు కోళ్ళ పితృవంశము ఆ కార్నిష్‌దే. కావున తాడేపల్లిగూడెము అంగడిలో అమ్ము తెల్లకోడి ఱొమ్ములో మన అసీలు రక్తము కొంత కలదు. మనము పెరటినుండి త్రోసివేసిన బంధువు పరదేశపు వేషముతో మరల వచ్చినది.

ఇచ్చట ఏమి జరిగినదో చూడుడు. ఏటికి మూడువందల గ్రుడ్లు పెట్టు తెల్ల లెగ్‌హారన్ సంతతి పంజరములలోనికి వచ్చినది. 1982లో జాతీయ కోడిగ్రుడ్ల సమన్వయ సంఘ మేర్పడినది. తణుకు, తాడేపల్లిగూడెము ప్రాంతములు పెద్ద గ్రుడ్ల కేంద్రములై తూర్పు రాష్ట్రములకు లారీలపై పంపుచున్నవి. దీనివలన బీదవానికిని గ్రుడ్డు అందినది; దీనిని నేను తక్కువచేసి చెప్పను. కాని ఆ పెట్టకు పొదుగుట తెలియదు. పొదుగు గుణము గ్రుడ్ల లెక్కకు అడ్డమని తొలగింపబడినది. పిల్లలు కావలెనన్న యంత్రమునకు పోవలెను. ఒక్క జాతినే వేలకొలదిగా ఒకచోట చేర్చుటలో అపాయమును కలదు. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలపు వేల్పూరున, పెరవలి మండలపు కానూరున పక్షిజ్వరము నిర్ధారణమై, కోళ్ళను చంపి పాతిపెట్టవలసివచ్చెను.

పెరటికోళ్ళకు ఆపద లేదని నేననుట లేదు. మనవారు కొక్కెర తెగులందురే, దానిని 1920 తరువాతి దశకమున హిమాలయములలోని రాణీఖేతునందు గుర్తించి ఆ పేరు పెట్టిరి. అది సోకిన పెరడు మూడు దినములలో పాడగును. 1940లో ముక్తేశ్వరపు పరిశోధనాలయమున దీనికి టీకా సిద్ధమైనది. నేడు పశువుల ఆస్పత్రిలో లభించునది ఆ పరంపరలోనిదే. పిల్లకు వారము దినములకు కంటిలో చుక్క, ఎనిమిదవ వారమున సూదిమందు వేయింపవలెను. పక్షిజ్వరపు కబురు విన్నప్పుడు కోళ్ళను బాతులతోను చెఱువు పక్షులతోను కలియనీయక మూసి యుంచవలెను. చచ్చినదానిని కాలువలో వేయక వైద్యునకు తెలుపవలెను.

ఇక ముఖ్యమైన ప్రశ్న. పందెము పోయినచో జాతికోడి నిలుచునా యని కొందఱు వాదింతురు. పందెమే దానిని కాపాడినదని వారి మాట. అందు కొంత నిజము కలదు. కాని పందెము పుంజునే యెఱుగును, పెట్టను ఎఱుగదు. గెలుపే ప్రధానమైనప్పుడు విదేశపు పుంజులను తెచ్చి కలుపుటకు వెనుదీయదు. నేడు ఆ కలగలుపు ప్రారంభమైనది. ఇట్లు జాతిని కాపాడినదని చెప్పబడునదే జాతిని కలుషితము చేయుచున్నది.

చరిత్రలో దీనికి సమాధానము కలదు. ఇంగ్లండున 1835లో చట్టము చేసి కోడిపందెములను నిషేధించిరి. జాతులు నశించునని అచ్చటను భయపడవలసినదే. కాని 1845లో లండను జంతుశాలయందు కుక్కుట ప్రదర్శనము జరిగినది; 1865లో ఏ జాతికి ఏ లక్షణము లుండవలెనో నిర్ణయించు పుస్తకము వెలువడినది. పందెపుకోళ్ళు ప్రదర్శనపుకోళ్ళై నేటివఱకు నిలిచినవి. కత్తి పోయినను కోడి పోలేదు. రాజేంద్రనగరములోని కుక్కుట పరిశోధన సంస్థవారు అసీలును కాపాడుచున్నారు. అది మంచిదే. కాని ప్రభుత్వపు దొడ్డిలో విత్తనము నిలుచును; వాడుక నిలువవలెనన్న పెరడే కావలెను.

కావున పెద్దలకు నా మనవి యిది. ప్రతి గ్రామమున నాలుగైదు ఇండ్లవారైనను మేలైన జాతిపెట్టలను మూడు నాలుగింటిని, ఒక పుంజును నిలుపవలెను. రెండేండ్ల కొకపర్యాయము పొరుగూరితో పుంజును మార్చుకొన్నచో రక్తదోషము తగులదు. పుంజును ఎంచునప్పుడు పోరును గాక సాధుత్వమును, పెట్టను ఎంచునప్పుడు పొదుగును చూడవలెను. వంతునకిచ్చు ఆచారమును పునరుద్ధరింపవలెను. వన్నెల పేరులను పిల్లలకు నేర్పవలెను. ఆ పేరులు బరికే చెందిన సొత్తు కాదు, తెలుగుభాష సొత్తు. సంక్రాంతినాడు కత్తి కట్టక, మేలైన పెట్టకును దాని పిల్లలకును బహుమాన మిచ్చు ప్రదర్శనము నొకదానిని ఊరిచావడి ముందు ఏర్పఱచినచో పండుగకు లోటుండదు.

గింజ చల్లి పిలిచిన చేతిని నమ్మి అడవినుండి వచ్చిన పక్షి యిది. ఆ నమ్మకమును నిలుపుకొనుట మన ధర్మము.