చదివినవారి మాట: వేటపాలెం గ్రంథాలయ సంప్రదాయంలో పుస్తక సిఫారసు

వేటపాలెం సారస్వత నికేతనం గురించి చెప్పవలసి వచ్చినప్పుడు ప్రధానంగా దాని భవనం, గాంధీజీ శంకుస్థాపన, పాత పత్రికల సంపుటాలు, ఊరికి వచ్చి వెళ్లిన జాతీయ నాయకుల పేర్లు ప్రస్తావనకు వస్తాయి గాని, ఏ పాఠకుడి చేతికి ఏ పుస్తకం ఎవరి మాట మీద చేరిందన్న విషయం అంతగా చర్చకు రాదు. ఒక ఊరి మనిషిని పాఠకుడిగా మలచడంలో భవనానికీ బీరువాలకూ ఎంత పాత్ర ఉందో, తాను చదివి ఆనందించిన పుస్తకాన్ని ఎదుటివారి ముందుంచి "ఇది చదివి చూడండి" అని చెప్పే గ్రంథాలయ ఉద్యోగికీ అంత పాత్ర ఉంది. ఈ సిఫారసు నోటిమాటగా సాగిపోయేది కావడం వల్ల స్థానిక చరిత్రలో దానికి దక్కవలసిన చోటు దక్కలేదు. వేటపాలెంను ఆధారంగా చేసుకుని, ఆంధ్ర దేశపు గ్రంథాలయోద్యమ నేపథ్యంలో ఆ సంప్రదాయాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చీరాలకు చేరువగా, మద్రాసు–విజయవాడ రైలుమార్గం మీద ఉన్న వేటపాలెం చేనేతకూ జీడిపప్పు వ్యాపారానికీ పేరుపడిన ఊరు. 1970 వరకు గుంటూరు జిల్లాలోనూ, ఆ తరువాత ప్రకాశం జిల్లాలోనూ ఉండి, 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనతో బాపట్ల జిల్లాలో చేరింది. 1918లో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి పూనికతో, హిందూ యువజన సంఘం పక్షాన ఇక్కడ మొదలైన పఠనాలయమే కాలక్రమంలో సారస్వత నికేతనంగా ఎదిగింది. 1921లో పొరుగునే చీరాల–పేరాల ఉద్యమం సాగి, పురపాలక సంఘం పన్నుల భారాన్ని నిరసిస్తూ ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ఇళ్లు విడిచి రామనగరులో కాపురముండడం, 1929లో గాంధీజీ వచ్చి గ్రంథాలయ నూతన భవనానికి పునాదిరాయి వేయడం, ఈ రెండూ ఒకే కాలపు ఆలోచనకు చెందిన ఘటనలు. చదువుకున్న మనిషే స్వరాజ్యాన్ని కోరగలడనీ, నిలుపుకోగలడనీ నమ్మిన తరం గ్రంథాలయాన్ని కాలక్షేపపు చోటుగా చూడలేదు. అందువల్ల పుస్తకం ఇచ్చే మనిషి మాటకు మొదటి నుంచీ ఊళ్లో గౌరవం ఉండేది.

ఈ గౌరవానికి మూలం గ్రంథాలయోద్యమంలో ఉంది. 1914లో బెజవాడలో ఆంధ్ర దేశపు గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగి, అయ్యంకి వెంకటరమణయ్య వంటి కార్యకర్తల కృషితో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడిన నాటికి, తెలుగు పల్లెల్లో అక్షరాలు వచ్చినవారు కొద్దిమంది. అందువల్ల పుస్తకాలను తెచ్చి బీరువాలో పెట్టినంతమాత్రాన పని పూర్తయ్యేది కాదు. సాయంకాలం పదిమందినీ కూడగట్టి పత్రికనో చరిత్ర గ్రంథాన్నో పైకి చదివి వినిపించడం కూడా గ్రంథాలయ కార్యకర్త బాధ్యతగా ఉండేది. వినేవారిలో రైతు, నేతగాడు, చిన్న వర్తకుడు ఉన్నప్పుడు ఏ పుస్తకం తెరవాలి, ఎక్కడ ఆపాలి, ఏ భాగాన్ని మరునాటికి మిగల్చాలి అన్న నిర్ణయాలన్నీ ఆ కార్యకర్త ముందుగా తాను చదివి రుచి చూసిన దాని మీదే ఆధారపడేవి. ఈనాడు సిఫారసు అని పిలుస్తున్న పనికి తెలుగునాట తొలి రూపం ఈ పఠనమే.

ఇదే పని మరింత స్పష్టంగా కనిపించే ఉదాహరణ అప్పట్లో వేటపాలెం ఉన్న గుంటూరు జిల్లాలోనే, కృష్ణా కాలువ మీద ఉంది. పెదపాలెం గ్రామానికి చెందిన పాతూరి నాగభూషణం 1935లో కొల్లిపర, పెదవడ్లపూడి గ్రామాల మధ్య నడిచే పడవలో గ్రంథాలయాన్ని ఏర్పాటు చేశారు. గట్టు మీద నడుస్తూ మనుషులు తాడుతో లాగే పడవల ప్రయాణం నెమ్మదిగా సాగేది కాబట్టి, ప్రయాణికుడికి తీరిక పుష్కలంగా ఉండేది. అయితే పడవలో పట్టే పుస్తకాలు కొన్నే. కేటలాగు తిరగేసి, పేరు చెప్పి పుస్తకం అడిగే అవకాశం అక్కడ లేదు. ఎవరో ముందుగా ఎంచి పెట్టినవాటి నుంచే ఎవరైనా తీసుకోవాలి. కనుక పడవలో చేరిన ప్రతి పుస్తకం వెనుకా ఇది ఫలానా రకం ప్రయాణికుడికి నచ్చుతుందన్న ఒక అంచనా ఉంటుంది, ఆ అంచనా వెనుక ఆ పుస్తకాన్నీ ఆ మనుషులనూ ఎరిగిన ఒక పాఠకుడు ఉంటాడు. సంచార గ్రంథాలయం, అంటే పాఠకుల వద్దకే తరలివెళ్లే గ్రంథాలయం, సిఫారసు లేకుండా నడవదని చెప్పడానికి ఇంతకంటే మంచి నిదర్శనం దొరకదు.

కార్యకర్తలు అనుభవంతో చేస్తూ వచ్చిన ఈ పనికి శాస్త్ర రూపం ఇచ్చినవారు మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడు ఎస్.ఆర్. రంగనాథన్. 1931లో ప్రకటించిన పంచసూత్రాల్లో ఆయన పుస్తకాలు ఉపయోగించుకోవడానికే అనీ, ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం దొరకాలనీ, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలనీ, పాఠకుడి కాలాన్ని ఆదా చేయాలనీ, గ్రంథాలయం ఎదుగుతూ ఉండే జీవి అనీ చెప్పారు. వీటిలో రెండో సూత్రాన్ని కొంతమేరకు కేటలాగు నెరవేర్చగలదు. కేటలాగు అంటే గ్రంథాలయంలో ఉన్న పుస్తకాలను రచయిత పేరు, గ్రంథనామం, విషయం ప్రకారం కార్డుల మీద గాని కంప్యూటరులో గాని నమోదు చేసిన సూచిక. ఏమి కావాలో తెలిసి వచ్చినవారికి అది దారి చూపుతుంది. ఏమి కావాలో తెలియకుండా, ఏదైనా మంచిది చదవాలన్న కోరికతో వచ్చినవారికి మాత్రం సూచిక వల్ల ప్రయోజనం తక్కువ. మూడో సూత్రం, అంటే అడిగేవారు లేక బీరువాలో మిగిలిపోయిన పుస్తకానికి తగిన పాఠకుణ్ణి వెతికిపెట్టడం, ప్రధానంగా మనిషి మీదే ఆధారపడుతుంది. పాఠకుడికీ పుస్తకానికీ వ్యక్తిగత శ్రద్ధతో సంబంధం కలిపే ఈ పనిని రంగనాథన్ పరామర్శ సేవలో, అంటే పాఠకుడికి స్వయంగా తోడ్పడే సేవలో, అంతర్భాగంగా పరిగణించి గ్రంథాలయ వృత్తిలో దానికి ఉన్నత స్థానం ఇచ్చారు.

ఈ సేవ ఎలా జరుగుతుందో అర్థం చేసుకోవడానికి పుస్తకాలు తిరిగి ఇచ్చే బల్లను దగ్గరగా గమనించాలి. చదవడం అలవాటైనవారు చాలామంది లోపలికి రాగానే బీరువాల వైపు వెళ్లరు. అప్పుడే తిరిగి వచ్చి బల్ల మీద పేర్చి ఉన్న పుస్తకాలను ముందుగా చూస్తారు, ఎందుకంటే ఇంకొకరు ఇంటికి తీసుకువెళ్లి చదివారన్నదే ఒక పుస్తకానికి చిన్నపాటి యోగ్యతాపత్రం. అట్ట లోపల అంటించిన తేదీల చీటీ మీద ముద్రలు కిక్కిరిసి ఉన్నాయా, ఏళ్ల తరబడి ఖాళీగా ఉందా అన్నది కూడా వారు గమనిస్తారు. ఉద్యోగి ఈ రెండింటికీ తన మాటను జోడిస్తాడు. పుస్తకం తిరిగి ఇస్తున్న పాఠకుణ్ణి "ఎలా ఉందండీ?" అని అడిగి, నచ్చిందా లేదా, నచ్చితే ఏ అంశం నచ్చింది, సగంలో ఆపివేస్తే ఎక్కడ ఆపారు అన్న సంగతులు తెలుసుకున్నవాడే తరువాతి పాఠకుడికి సరైన పుస్తకం చెప్పగలడు. ఈ విధంగా సిబ్బంది సిఫారసులో సిబ్బంది అభిరుచితో పాటు ఊరి పాఠకుల ఉమ్మడి అనుభవం కూడా చేరుతుంది.

మంచి సిఫారసు సాధారణంగా పాఠకుడు నిలబడి ఉన్న చోటు నుంచి ఒక్కొక్క అడుగుగా సాగుతుంది. చిలకమర్తి 'గణపతి' చదివి నవ్వుకున్నవారికి మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టర్ పార్వతీశం', ఆ తరువాత మునిమాణిక్యం నరసింహారావు 'కాంతం కథలు' చెప్పవచ్చు. ఆ హాస్యం వెనుకనున్న కాలాన్ని తెలుసుకోవాలన్న కోరిక కలిగితే అక్కడి నుంచి ఆత్మకథల వైపు తీసుకుపోవచ్చు. యద్దనపూడి సులోచనారాణి నవలలతో చదువు మొదలుపెట్టినవారికి, ఆ అభిరుచిని చిన్నచూపు చూడకుండా, వాసిరెడ్డి సీతాదేవి 'మట్టిమనిషి'ని అందిస్తే కుటుంబ కథ నుంచి భూమి, గ్రామం, తరాల మార్పు అనే విశాల వస్తువులోకి వారు తమంత తామే ప్రవేశిస్తారు. గుంటూరు జిల్లావాడైన ఉన్నవ లక్ష్మీనారాయణ రాసిన 'మాలపల్లి'ని 1920లలో మద్రాసు ప్రభుత్వం నిషేధించిన సంగతి గుర్తుచేసుకుంటే, ఒకప్పుడు ఒక పుస్తకం పేరు చెప్పడానికే ధైర్యం కావలసి వచ్చిందని తెలుస్తుంది. నేడు ఆ నవలను యువ పాఠకుడికి ఇచ్చేటప్పుడు ఈ చరిత్రను రెండు మాటల్లో చెప్పగలిగిన ఉద్యోగి ఆ పుస్తకానికి ముందుమాట వంటివాడు.

వేటపాలెంకు ప్రత్యేకమైన మరో రకం సిఫారసు పరిశోధకులకు సంబంధించినది. 1902లో మొదలైన 'కృష్ణాపత్రిక', 1914లో దినపత్రికగా మారిన 'ఆంధ్రపత్రిక', 1924లో ఆరంభమైన 'భారతి' వంటి పత్రికల పాత సంచికల కోసం తెలుగు ప్రాంతాల నుంచీ బయటి నుంచీ పరిశోధకులు ఈ ఊరికి వస్తుంటారు. అంచులు పెళుసుబారి, తిప్పబోతే విరిగే ఆ కాగితాలను రెండు అరచేతులతో కింది నుంచి ఎత్తి తిప్పాలని చూపించేది సిబ్బందే. అంతకంటే ముఖ్యంగా, ఒక అంశం మీద వచ్చిన పరిశోధకుడికి తాను అడగని చోటు చూపించగలిగినవారూ వారే: సంపాదకీయాల కోసం వచ్చినవారికి ఉగాది సంచికలను, రాజకీయ వార్తల కోసం వచ్చినవారికి ప్రకటనల పుటలను, సాహిత్య విమర్శ కోసం వచ్చినవారికి పాఠకుల లేఖలను చూడమని చెప్పడం సంపుటాలను ఏళ్ల తరబడి తిరగేసినవారికే సాధ్యం. ఈ పరిజ్ఞానం ఏ సూచికలోనూ నమోదై ఉండదు. ఉద్యోగి పదవీ విరమణ చేసిన రోజున అది కూడా గ్రంథాలయాన్ని విడిచిపోతుంది.

సిఫారసుకు హద్దులు కూడా ఉన్నాయి. ఉద్యోగి తన మతాభిమానాన్నో, రాజకీయ విశ్వాసాన్నో, సాహిత్య వర్గాన్నో పాఠకుల మీద రుద్దితే అది ప్రచారమవుతుంది. తనకు నచ్చని పుస్తకాన్ని బీరువా వెనుక వరుసలోకి నెడితే అది నిషేధంతో సమానం. అందువల్ల తన రుచికి భిన్నమైన గ్రంథాలను కూడా చదివి ఉండడం, చెప్పిన పుస్తకాన్ని వద్దనే స్వేచ్ఛ పాఠకుడికి ఉంచడం, పిల్లలకు వయసును బట్టి కాక ఆసక్తిని బట్టి పుస్తకం చూపడం ఈ పనికి కావలసిన నియమాలు. వీటన్నిటికంటే ముందు ఉద్యోగికి చదివే తీరిక ఉండాలి. చదవని ఉద్యోగి ఎంత మర్యాదస్తుడైనా, అట్ట మీది పేరు చదివి చెప్పడం తప్ప మరేమీ చేయలేడు.

ప్రస్తుత పరిస్థితిలో ఆ తీరిక దొరకడం కష్టంగా ఉంది. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు, అంటే గ్రంథాలయాల కోసమే విధించే అదనపు సుంకం, వసూలై జిల్లా గ్రంథాలయ సంస్థలకు చేరవలసి ఉండగా, స్వచ్ఛంద గ్రంథాలయాలు ప్రధానంగా దాతల మీదా గ్రాంట్ల మీదా ఆధారపడవలసి వస్తోంది. చాలా పఠనాలయాల్లో బల్లలు పోటీ పరీక్షలకు చదువుకునే యువతతో నిండుతున్నాయి. వారి అవసరం న్యాయమైనదే. అయితే రోజంతా గ్రంథాలయంలో గడిపే ఆ యువతీయువకులకు ఒక కథల సంపుటినో, ఈ ప్రాంత చరిత్రనో పరిచయం చేసే మనిషి ఉంటే, ఉద్యోగం వచ్చిన తరువాత కూడా వారు పాఠకులుగా మిగులుతారు.

ఇందుకు పెద్ద ఖర్చు లేని మార్గం ఒకటి ఉంది. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో పుస్తక ప్రదర్శనలతో పాటు, ప్రతి గ్రంథాలయమూ ఒక సిఫారసుల రిజిస్టరును ప్రారంభించవచ్చు. అందులో పుస్తకం పేరు, దానిని చదివి మెచ్చిన ఉద్యోగి పేరు, ఎందుకు మెచ్చారో రెండు మూడు వాక్యాలు, చదివి తిరిగి ఇచ్చిన పాఠకుడి అభిప్రాయం తేదీతో సహా నమోదు చేస్తే, కొత్తగా చేరిన ఉద్యోగికి అది శిక్షణ గ్రంథంగా, పాఠకుడికి మార్గదర్శిగా ఉపయోగపడుతుంది. స్థానిక చరిత్రకారుడికి దాని విలువ ఇంకా ఎక్కువ. ఇష్యూ రిజిస్టరు ఊరి జనం ఏమి చదివారో మాత్రమే చెబుతుంది. ఎందుకు చదివారో, ఎవరి మాట నమ్మి చదివారో, చదివి ఏమనుకున్నారో చెప్పగల ఆధారం సిఫారసుల రిజిస్టరు ఒక్కటే. నూరేళ్ల పత్రికలను భద్రపరచిన వేటపాలెం, ఆ పత్రికలను జనానికి దగ్గర చేసిన మాటలను కూడా నేటి నుంచి భద్రపరచడం మొదలుపెడితే, ఈ ఊరి పఠన చరిత్రను రాబోయే తరాలు ఊహ మీద ఆధారపడకుండా రాసుకోగలుగుతాయి.