జీవుల వర్గీకరణ: పాఠంలో కొరవడిన తర్కం

జీవుల వర్గీకరణ అనగానే మన విద్యార్థుల్లో చాలామందికి గుర్తొచ్చేది బట్టీ పట్టాల్సిన పేర్ల పట్టిక. ఎవరు ఏ సంవత్సరంలో జీవులను ఎన్ని రాజ్యాలుగా విభజించారో రాస్తే మార్కులు పడతాయి. అయితే ఆ పట్టికలో జరిగిన ప్రతి మార్పుకూ వెనక ఒక సాక్ష్యం, ఒక వాదం ఉన్నాయి. వాటిని వదిలేసి తీర్పును మాత్రమే అప్పజెప్పించడం వల్లే ఈ పాఠం నిస్సారమైంది. వర్గీకరణను దాని చరిత్రతో కలిపి చెప్పాలి.

1753లో వెలువడిన ‘స్పీషీస్ ప్లాంటేరం’లో లిన్నేయస్ పూల మొక్కలను ప్రధానంగా కేసరాల లెక్కను బట్టి తరగతులుగా విడదీశాడు. తంగేడు పువ్వులో పది కేసరాలు, వేప పువ్వులోనూ పదే కాబట్టి రెండూ ఒకే తరగతిలో చేరాయి. పువ్వును విప్పి చూస్తే తంగేడులో కేసరాలు విడివిడిగా ఉంటాయి, వేపలో గొట్టంలా కలిసి ఉంటాయి. తంగేడుకు చిక్కుడులాంటి బల్లపరుపు కాయ కాస్తే, వేపకు గుజ్జున్న పండు కాస్తుంది. మొక్కను త్వరగా గుర్తుపట్టడానికి లిన్నేయస్ పద్ధతి ఎంతో పనికొచ్చింది గానీ, బంధుత్వం తేల్చడానికి ఒక్క లక్షణం చాలలేదు. 1862–1883 మధ్య బెంథామ్, హుకర్ ‘జెనీరా ప్లాంటేరం’లో అనేక లక్షణాలను కలిపి చూశారు. తంగేడు చిక్కుడు కుటుంబంలోకి, వేప వేరే కుటుంబంలోకి వెళ్లాయి. మద్రాసు ప్రెసిడెన్సీ మొక్కలపై గాంబుల్ మొదలుపెట్టిన గ్రంథం ఈ పద్ధతినే అనుసరించింది. ఇందులోనూ లోపముంది: వివృతబీజాలను ద్విదళ, ఏకదళ బీజాల నడుమ ఉంచారు. రాజ్యాల కథా ఇలాంటిదే. పుట్టగొడుగులో పత్రహరితం లేదు, అది ఆహారాన్ని బయటి నుంచి పీల్చుకుంటుంది. 1969లో విట్టాకర్ శిలీంధ్రాలకు వేరే రాజ్యం ఇవ్వడానికి ఈ పోషణ విధానం ఒక ముఖ్య కారణం. 1977లో వోజ్, ఫాక్స్ రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏను పోల్చి, బ్యాక్టీరియాగా లెక్కించిన కొన్ని జీవులు నిజానికి వేరే శాఖవని చూపారు.

ఇంత చరిత్ర చెబితే పిల్లలు తికమకపడతారని, వాళ్లకు స్థిరమైన ఒక చట్రం చాలని కొందరంటారు. చట్రం అవసరమే, విట్టాకర్ అయిదు రాజ్యాలనే నేర్పవచ్చు. కానీ ఏ లక్షణాన్ని చూసి విడదీశారో తెలియకుండా నేర్చిన చట్రంలో, కొత్త జీవి ఎదురైతే దాన్ని ఎక్కడ పెట్టాలో విద్యార్థికి తోచదు. వర్గీకరణ తరచూ మారుతుందంటే శాస్త్రంపై నమ్మకం పోతుందన్నది మరో అభ్యంతరం. మారినవెన్నో ఉన్నట్టే నిలిచినవీ ఉన్నాయి: డీఎన్‌ఏ ఆధారాలు వచ్చాక కూడా తంగేడు చిక్కుడు కుటుంబంలోనే ఉంది. ఏది ఎందుకు మారిందో, ఏది ఎందుకు నిలిచిందో తెలిసిన విద్యార్థికి శాస్త్రంపై నమ్మకం పెరుగుతుందే గానీ తగ్గదు.

ఉపాధ్యాయులూ, ప్రశ్నపత్రాలు తయారుచేసేవారూ ఒక్క మార్పు చేయాలి. పేర్లు, సంవత్సరాలు అడిగే చోట తంగేడు పువ్వునూ వేప పువ్వునూ చేతికిచ్చి, ఇవి ఒక కుటుంబానివా కాదా, ఎందుకని అడగాలి.