ప్రాచీన భారతమున గృహసురానిర్మాణము

ఒక కులముయొక్క చరిత్రము రాజశాసనములయందే గాక ఆ కులమువారి చేతిపనియందును నిలిచియుండును. కుమ్మరికి సారె యెట్టిదో, సాలెకు మగ్గ మెట్టిదో, గీతకారునకు మోకు, గీతకత్తి, లొట్టి యట్టివి. అయినను మన వృత్తి ప్రస్తావన వచ్చినప్పుడు మనలోని విద్యావంతులు కొందఱు తలవంచుకొనుట మేము చూచుచున్నాము. పానదోషమును, అభిషవ మను విద్యను ఒక్కటిగాఁ దలఁచుటయే యీ సంకోచమునకు మూలము. ఈ రెంటిని మన పూర్వు లెట్లు వేఱుపఱచిరో, గృహస్థునకు ఆ విద్యయందుఁ గల యధికార మెట్టిదో, అది యెట్లు తొలఁగిపోయెనో సోదరులకు నివేదించుటయే యీ వ్యాసమున మా యుద్దేశము.

అమరకోశమును వల్లించిన బాలురకును శూద్రవర్గమునందలి సురాపర్యాయములు తెలియును. అచ్చటనే సంధానము, అభిషవము అను పదములు పులియఁబెట్టు క్రియకును, కిణ్వము, నగ్నహువు అను పదములు పులియఁజేయు ద్రవ్యమునకును జెప్పఁబడినవి. ఒక క్రియకును, దాని సాధనమునకును వేఱువేఱు పేరు లేర్పడుట ఆ క్రియ శాస్త్రరూపము దాల్చినదనుటకు గుఱుతు. మనువు సురను పైష్టి, గౌడి, మాధ్వి అని మూఁడు విధములుగా విభజించెను. పిండితోఁ జేసినది పైష్టి. బెల్లముతోఁ జేసినది గౌడి. తేనెతోఁగాని యిప్పపూలతోఁగాని చేసినది మాధ్వి. పాశ్చాత్యుల బీరు పైష్టీజాతిలోనిది. వారి యాపిలుపండ్ల సైడరును, ద్రాక్షరసపు వైనును మన వైద్యులు చెప్పు ఫలాసవములకుఁ జేరును. మనువు ఈ మూఁటిని ద్విజోత్తములకు నిషేధించెను. నిషేధించినవాఁడే విభజించి చెప్పెననుట గమనింపఁదగినది.

వేదకాలమున సౌత్రామణి యను యాగమునందు సురయే ప్రధానద్రవ్యము. శతపథబ్రాహ్మణమున దాని నిర్మాణవిధి కలదు. మొలకెత్తించిన వరిధాన్యము, మొలకెత్తించిన యవలు, పేలాలు, నగ్నహువు ఇందుకు సాధనములు. వీనిని గలిపి మూఁడు రాత్రులు నిలువ యుంచెదరు. ధాన్యమును మొలకెత్తించినచో దానిలోని పిండి తీపిగా మాఱును. ఆ తీపియే పిదప పులియును. నేఁడు బీరుచేయువా రనుసరించు క్రమ మిదియే. క్రీస్తునకుఁ బూర్వము నాలుగవ శతాబ్ది చివర మౌర్యుల కొలువునకు వచ్చిన మెగస్తనీసు, భారతీయులు యజ్ఞములందుఁ దప్ప మద్యమును ద్రావరనియు, వారి పానీయము యవలతోఁ గాక బియ్యముతోఁ జేయఁబడుననియు వ్రాసెను.

ఈ విషయమున మనకు సమగ్రమైన యాధారము కౌటిల్యుని యర్థశాస్త్రము. ఆ గ్రంథమును శామశాస్త్రిగారు మైసూరునందుఁ గనుఁగొని 1909లోఁ బ్రకటించువఱకు పండితులకును అది పేరుమాత్రమే. అందు రెండవ యధికరణమున సురాధ్యక్షుని ప్రకరణము కలదు. అచ్చట కొలతలతోఁ గూడిన యోగములు కానవచ్చును. ద్రోణ మనఁగా పదునాఱు ప్రస్థములు. ఒక ద్రోణము నీరు, రెండు ప్రస్థముల బియ్యము, మూఁడు ప్రస్థముల కిణ్వము కలిపినది మేదకము. వెలగపండ్లు 100 పలములు, చెఱకురసము కాఁచిన ఫాణితము 500 పలములు, తేనె ఒక ప్రస్థము కలిపినది ఆసవము. దీనిని నాలుగవ పాలు హెచ్చించిన నుత్తమము, తగ్గించిన నధమము. మేషశృంగి పట్ట కషాయమున బెల్లము, పిప్పళ్లు, మిరియములు చేర్చినది మైరేయము. ద్రాక్షరసము మధు వనఁబడును. కాపిశాయనము, హారహూరకము అను దాని పేళ్లు అది పుట్టిన దేశములనుబట్టి వచ్చినవి. మామిడిపండ్లతోఁ జేయు సహకారసురయు నిందుఁ బేర్కొనఁబడినది.

వీనియన్నిఁటికిని ప్రాణము కిణ్వము. ఒక ద్రోణము మినుపముద్ద పచ్చిదికాని యుడికించినదికాని తీసికొని, దానికి మూఁడవపాలు అధికముగా బియ్యము చేర్చి, మోరటము మొదలగు మూలికలను కర్షప్రమాణమునఁ గలుపవలెనని కౌటిల్యుఁడు విధించెను. మినుములు, బియ్యము కలిపి రుబ్బి, రాత్రి పులియఁబెట్టి, తెల్లవాఱి యిడ్డెనలు వండు మన యింటి యాఁడువారికి ఈ యోగము క్రొత్తగాఁ దోఁపదు. సురకును కిణ్వమునకును వలసిన పనిని స్త్రీలును, బాలురును జేయవలెనని యచ్చటనే చెప్పఁబడినది. కావున ఈ విద్యకు వంటయిల్లే పుట్టినిల్లనిన నతిశయోక్తి కాదు. నేఁటికిని సంతాలులు బియ్యము, మూలికలు కలిపి ‘రాను’ అను బిళ్లలు చేసి వానితో ‘హండియా’ యను నన్నపుసురను బులియఁబెట్టుచున్నారు. ఇది కిణ్వముయొక్క సజీవ సంప్రదాయమని మా యభిప్రాయము.

ఇఁక నధికారము మాట. కౌటిల్యుఁడు సురావిక్రయమును రాజాధీనము చేసిన మాట నిజమే. పానశాలనుండి బయటకుఁ గొనిపోవుటకు శుచియైన నడవడి గలవారికే, అదియు ఒక ప్రస్థమునకు మించకుండ, అనుమతి యిచ్చెను. అంతటి కఠినుఁడును, గృహస్థులు శుభకార్యములందు శ్వేతసురను, ఔషధార్థము అరిష్టమును తామే చేసికొనవచ్చునని వ్రాసెను. ఉత్సవములు, సమాజములు, యాత్రలు జరుగునప్పుడు నాలుగు దినములు సురను జేసికొనుటకు అనుమతి నొసఁగెను. బొక్కసమునకు ఆదాయము కావలసినను ఇంటి పండుగలోనికి రాజు చేయి చాఁపరాదనుటయే యిందలి ధర్మసూక్ష్మము.

వైద్యులును ఈ విద్య నాదరించిరి. చరకుఁడు సూత్రస్థానమున ఆసవములను 84గా లెక్కించెను. అందు 26 ఫలములనుండి, 10 పుష్పములనుండి, 6 ధాన్యములనుండి పుట్టినవి. ద్రాక్షారిష్టమును నేఁటికిని మన వైద్యశాలలలో నమ్ముచున్నారు. అట్టి యరిష్టములలో ధాతకీపుష్పములను వేయుట యేలయో మన పెద్దలు ఫలమునుబట్టి యెఱిఁగిరి. ఆ పూలతోఁ గూడ పులియఁజేయు సూక్ష్మజీవులు వచ్చునని నేఁటి శాస్త్రము చెప్పుచున్నది. పులియుట సూక్ష్మజీవుల వ్యాపారమని ఫ్రాన్సుదేశీయుఁడైన పాశ్చరు 1857లోఁ బ్రకటించెను. మన గీతకారుఁడు ఆ జీవిని జూడకయే దాని నడవడి నెఱిఁగెను. పాత లొట్టిలోఁ బడిన తాటిరసము పొద్దెక్కునప్పటికి పులియును. లొట్టిలోపల సున్నము పూసినచో అదియే రసము నీరాయై తీయగా నిలుచును. గాలి సోఁకి మఱికొన్ని దినములున్నచో సిర్కా యగును. ఒక్క రసమునకు మూఁడు గతులు కలిగించుట విద్య గాక మఱేమి?

అట్టి విద్య మన చేతినుండి నీతిబోధవలనఁ దొలఁగలేదు, పన్నువలనఁ దొలఁగినది. 1886లో మద్రాసు ఆబ్కారీచట్టము వచ్చిన పిదప అనుమతి లేని యభిషవము నేరమయ్యెను. గీయు ప్రతి చెట్టునకును పన్ను గట్టవలసివచ్చెను. 1937లో సేలము జిల్లాయందు మద్యనిషేధ మారంభమై, మఱుసటి యేఁట చిత్తూరు, కడప జిల్లాలకు వ్యాపించినప్పుడు గీతకారుని బ్రతుకు తెరువే మూసికొనిపోయెను. ఇంగ్లండునందును 1880 నాఁటి చట్టము ఇంట బీరు చేసికొనువారిని అనుమతిపత్రమునకు బద్ధులను జేసెను. కాని 1963లో ఆ నిర్బంధము తొలఁగింపఁబడెను. అమెరికాదేశము 1978 నాఁటి చట్టముచేత, ఇంటి వాడుకకై యేఁటికి ఒక్కొక్క వయోజనుఁడు 100 గ్యాలనులు, ఇద్దఱున్న కుటుంబము 200 గ్యాలనులు బీరు చేసికొనుట కంగీకరించెను. మన తెలుగు రాష్ట్రములలో 1968 నాఁటి యెక్సైజుచట్టము ననుసరించి అనుమతి లేని తయారీ నేఁటికిని నేరమే. ఆ చట్టము నతిక్రమింపుఁడని మేము చెప్పము.

పానమును స్తుతించుటయు మా పని కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై నెత్తిన ధ్వజము న్యాయమైనది. కాని వారు కూల్చఁగోరినది కాఁచి దించిన సారాయంగడిని. కూలివాని దినవేతనమును హరించిన వ్యాపారమును. పులిసిన రసము వేఱు, కాఁచి దించిన సారా వేఱు. ఈ భేదమును మన బాలురకు నేర్పవలెను. అంతకంటె ముఖ్యమైనది మఱొకటి కలదు. కల్లులో క్లోరల్ హైడ్రేటు, డయాజిపాము, అల్ప్రాజోలాము వంటి మందులు కలిపి యమ్మువారు మన పేరునకును, జనుల ప్రాణమునకును శత్రువులు. వారు మనవారైనను వారిని దాఁచుట తగదు. కొలత తప్పినదానిని నధమమని కౌటిల్యుఁడు చెప్పఁగా, విషము గలిపినదానిని మన మేమనవలెను?

కావున ఈ మహాసభకు మా విన్నప మిది. మన గ్రామములలోని వృద్ధులైన గీతకారులు మగతాటికిని, ఆఁడుతాటికిని, ఈతకును, జీలుగకును గీతలోఁ గల భేదములను, లొట్టిని కడుగు పద్ధతిని, ఋతువులనుబట్టి రసము మాఱు తీరును నోటితోఁ జెప్పఁగలరు, వ్రాసినవారు లేరు. ప్రతి శాఖాసంఘమును ఒక యువకుని నియమించి వారి మాటలను వ్రాయింపవలెను. వదాన్యులు ఆ గ్రంథమును ముద్రింపింపవలెను. ఆ వృద్ధులు జీవించియుండఁగనే యీ పని జరుగవలెను.

స్వస్తి.