ఒక షాండ్లియర్‌లో ఎన్ని షాండ్లియర్లు ఉన్నాయి?

ఈ ఎపిసోడ్‌లో పాత గాజు సామాను గురించి మాట్లాడుకుందాం. "ఇది మా తాతగారి కాలం నాటి షాండ్లియర్" అని మన సికింద్రాబాద్ పాత ఇళ్లలో చెబుతుంటారు. నిజమే కావచ్చు. కానీ కొమ్మలు ఒకదానివి, నడిమి కాడ ఇంకోదానిది, లోలకులు మరోదానివి అయ్యుండొచ్చు.

ఎందుకలా? 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ వెలిసింది. ఇది కంటోన్మెంట్ ఊరు. బదిలీ అయిన దొరలు బరువైన సామాను మోసుకుపోలేక వేలం వేసేవారు. హుస్సేన్ సాగర్ అవతల నిజాం దర్బారు ఉండేది. చౌమహల్లా దర్బారు హాల్లో 19 షాండ్లియర్లు ఇప్పటికీ చూడొచ్చు. 1807లో బర్మింగ్‌హామ్‌లో మొదలైన ఆస్లర్ కంపెనీ కలకత్తాలో షాపే పెట్టి మన సంస్థానాలకు గాజు అమ్మింది. 1949లో జాగీర్లు రద్దయ్యాక ఎన్నో దేవిడీల సామాను చేతులు మారింది. దిగుమతి వస్తువులో ఒక కొమ్మ విరిగితే అలాంటిదే దొరకడం కష్టం కదా! అందుకే ఇంకోదాని కొమ్మ తెచ్చి బిగించేవాళ్లు.

మరి గుర్తుపట్టడం ఎలా? ముందు అతుకు చూడండి. చాలా పాతవాటిలో కొమ్మ మీద, అది దిగే రంధ్రం దగ్గర ఒకే నంబరు ఉంటుంది. నంబర్లు కలవకపోతే కొమ్మ మారిందనో, చోటు మారిందనో అర్థం. డికాంటర్ల మూతకు, మెడకు కూడా ఇలాగే ఒకే నంబరు గీసేవారు. మూత వదులుగా కదిలితే అనుమానించాలి.

తర్వాత రంగు. పగటి వెలుగులో తెల్ల కాగితం మీద పెట్టి పోల్చండి. చీకట్లో అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే సీసం కలిసిన గాజు సాధారణంగా నీలంగా మెరుస్తుంది, మామూలు గాజు చాలాసార్లు పచ్చగా. రెండు మెరుపులు కనిపిస్తే రెండు రకాల గాజు ఉన్నట్టే. ఒకే మెరుపు ఉన్నంత మాత్రాన అంతా ఒకటే అనుకోకూడదు.

చివరగా చెక్కుడు. చేత్తో చెక్కిన అంచు వేలికి పదునుగా తగులుతుంది, అచ్చు పోసినది నున్నగా ఉంటుంది.

ఒక్క మాటండీ. అతికించినది నకిలీ కాదు. అతుకు దాచి, మొత్తం ఒకటే అని అమ్మడమే మోసం. అలాగే "ఇది కలగాపులగం" అని ఎవరైనా కారుచౌకగా అడిగితే తొందరపడి ఇచ్చేయకండి. శుభ్రం చేసే ముందే ప్రతి ముక్కకూ ఫొటో తీసి, నంబరు రాసుకోండి. ఆ అతుకుల్లోనే వేలాల కథ, దేవిడీల కథ ఉంది.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.